ప్లేటింగ్ షాపుల్లో సర్వే: అడిగిన ప్రతిదానికీ "అవును" అంటున్నారు, ఏం అడగాలి?

చిత్రావతి_ఒడ్డు · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది కొత్తచెరువు పక్కన పల్లెటూరు. బెంగళూరులో పర్యావరణ ఇంజనీరింగ్ ఎం.టెక్ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం పీన్యా, కామాక్షిపాళ్య వైపు ప్లేటింగ్ షాపులు, అంటే కరెంటుతో వస్తువుల మీద లోహపు పూత వేసే చిన్న షాపులు, తిరుగుతున్నాను. మురికినీళ్ళు వచ్చాక వాటిని ఎలా శుద్ధి చేస్తున్నారన్నది మా సీనియర్లు ఇదివరకే చూశారు. నాకిచ్చింది దానికి ముందు మెట్టు. అసలు ఆ నీళ్ళలోకి నికెల్, క్రోమియం, జింకు పోకుండా తొట్టి దగ్గరే ఏం జాగ్రత్తలు తీసుకుంటున్నారో చూడాలి.

42 ప్రశ్నలతో ఫారం తయారుచేసుకున్నాను, కన్నడ, తెలుగు, హిందీ మూడు భాషల్లో. ఇప్పటికి తొమ్మిది షాపులయ్యాయి. తొమ్మిది ఫారాలూ ఒకరే నింపినట్టున్నాయి. బాత్‌లోంచి (పూత ద్రావణం ఉన్న తొట్టిలోంచి) తీసిన సరుకును కాసేపు కారనిస్తారా? అవును. నీళ్ళు పొదుపుగా వాడతారా? అవును. కూలీలకు చేతితొడుగులు ఇస్తారా? అవును. ఒకచోట ఓనరు గారు "నేల మీద కారడం ఉండదు" అనే గడిలో టిక్కు పెడుతున్నప్పుడు నా చెప్పు ఆకుపచ్చ మడుగులో ఉంది.

మా గైడ్ గారికి డేటా బాగానే ఉందనిపించింది. నాకే మనసొప్పడం లేదు. ఈ పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఏం అడగాలో చెప్పండి.

హిందూపురం_షెడ్డు · సోమవారం, రాత్రి 9:50

అమ్మా, ఆ తొమ్మిదిలో నాదొకటి కాదు కదా! పోయిన గురువారం ఒకమ్మాయి ఫైలు పట్టుకుని వస్తే నేనే గబగబా అన్నిటికీ టిక్కులు పెట్టి పంపించాను.

నిజం చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫారం, నోట్లో "కాలుష్యం" అనే మాట. ఇవి మూడూ కలిసి గేటు దగ్గర కనబడితే మాకు కాలేజీ పిల్ల అనిపించదు, కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళే అనిపిస్తుంది. ప్లేటింగ్‌ని రెడ్ కేటగిరీలో, అంటే ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమల జాబితాలో పెట్టారు. ఆపరేషన్ కన్సెంట్ (షాపు నడపడానికి మండలి ఇచ్చే అనుమతి) రెన్యూవల్ అంటేనే మాకు టెన్షన్. అలాంటప్పుడు "లేదు" అని ఎవడు రాసిస్తాడప్పా?

మాది బాడుగ షెడ్డు, ముప్పై బై నలభై. బ్యారెల్‌లో (చిల్లులున్న తిరిగే డ్రమ్ములో) సరుకు వేసి నికెల్, జింకు చేస్తాం, అంతా జాబ్ వర్కే. బోల్టులు, క్లిప్పులు, స్ప్రింగులు. లెక్క కిలోల మీద. లైను మీద ఉండే కుర్రాడికి రోజుకు ఇన్ని బ్యారెళ్ళని కూలి. వాణ్ణి "బ్యారెల్ తొట్టి మీద పట్టుకుని కారనివ్వు" అంటే నా ముందు పట్టుకుంటాడు, నేను ఆఫీసులోకి వెళ్ళగానే తీసి నీళ్ళలో ముంచేస్తాడు. వాడి తప్పేం లేదు. సెకన్లకు నేను డబ్బులివ్వడం లేదు కదా.

యలహంక_సాయంత్రం · సోమవారం, రాత్రి 10:05

మధ్యలో వచ్చినందుకు సారీ. మా అమ్మమ్మ ఇత్తడి బిందె ఉంది, దానికి నికెల్ కోటింగ్ వేయిస్తే మెరుస్తుందంటున్నారు. పీన్యాలో ఎవరైనా వేస్తారా?

హిందూపురం_షెడ్డు · సోమవారం, రాత్రి 10:08

వేయించకు తమ్ముడూ. చింతపండు పెట్టి తోము.

పాత_కెమిస్ట్ · మంగళవారం, ఉదయం 6:20

చిత్రావతి గారూ, ముప్పై ఏళ్ళు ప్లేటింగ్ ల్యాబుల్లోనే గడిపాను, ఇప్పుడు విశ్రాంతి. మీ ఫారంలో తప్పు భాషలో లేదు, క్రియాపదంలో ఉంది. "చేస్తున్నారా?" అని అడిగితే జవాబు మర్యాదగానే వస్తుంది. "ఎంత?" అని అడగండి.

ముందు విషయం అందరికీ అర్థమయ్యేలా చెబుతాను. బాత్‌లోంచి సరుకు పైకి తీసినప్పుడు దాని ఒంటికి అంటుకుని కొంత ద్రావణం వస్తుంది. దాన్నే డ్రాగ్ అవుట్ అంటారు. పక్కనే ఉన్న కడుగు తొట్టిలో ముంచితే ఆ ద్రావణం నీళ్ళలో కలుస్తుంది, ఆ నీళ్ళు కాలువకో శుద్ధి ప్లాంటుకో పోతాయి. ప్లేటింగ్ షాపు మురికినీళ్ళలో కనిపించే లోహంలో చాలా భాగం ఈ దారినే వస్తుంది. తొట్టి పగలడం, పాత బాత్ పారబోయడం లాంటివి ఎప్పుడో జరుగుతాయి. ఇది మాత్రం ప్రతి బ్యారెల్‌కీ, ప్రతి జిగ్‌కీ (సరుకు తగిలించే చట్రానికీ), రోజంతా జరుగుతూనే ఉంటుంది.

దీన్ని తగ్గించే పద్ధతులు పెద్ద విద్యలేం కాదు. సరుకును మెల్లగా పైకి తీయడం, తొట్టి మీదే కొన్ని సెకన్లు ఆపడం, గిన్నెలాంటి ముక్కలను బోర్లా తగిలించడం, రెండు తొట్ల మధ్య వాలు పలక పెట్టి కారింది వెనక్కి వచ్చేలా చేయడం, బాత్ గాఢత అవసరానికి మించి పెంచకపోవడం. వేడి బాత్ అయితే దాని పక్కన పారే నీళ్ళు కాకుండా నిలవ నీళ్ళ తొట్టి ఒకటి పెట్టి, మొదటి ముంపు అందులో ముంచి, ఆ నీళ్ళనే మళ్ళీ బాత్‌లో పోసుకోవడం. అందరికీ తెలుసు. ఎంతమంది చేస్తున్నారన్నదే మీ ప్రశ్న.

మిగతాది సాయంత్రం రాస్తాను. ఒక చిన్న కిటుకు ఉంది.

ఫిల్టర్‌ప్రెస్ · మంగళవారం, మధ్యాహ్నం 1:35

శుద్ధి ప్లాంటు ఆపరేటర్ని. అన్నం టైములో రాస్తున్నాను.

అక్కా, మీ సర్వే మురికినీళ్ళు పుట్టకముందు సంగతి గురించి అన్నారు కానీ ఒక్కసారి కాలువలు కూడా చూడండి. క్రోమ్ కడిగిన నీళ్ళు, సైనైడ్ నీళ్ళు, మామూలు యాసిడ్, క్షారం నీళ్ళు వేర్వేరు పైపుల్లో వస్తున్నాయా, ఒకే కాలువలో కలిసిపోతున్నాయా? సైనైడ్ నీళ్ళలో యాసిడ్ పడితే లేచే గ్యాసు మనిషిని చంపేస్తుంది. పేరు చెప్పను కానీ నేను మొదట పనిచేసిన చోట రెండూ ఒకే సంపులోకి వచ్చేవి. ఒకరోజు పిక్లింగ్ తొట్టి (తుప్పు వదిలించే యాసిడ్ తొట్టి) ఖాళీ చేశారు. సంపు దగ్గరున్న మా వాడు తల తిరిగి కూలబడ్డాడు. బయటికి లాక్కొచ్చాం, దేవుడి దయవల్ల బతికాడు. ఆ తర్వాతే గోడ కట్టారు.

ఇంకోటి. క్రోమ్ నీళ్ళకు ముందు సల్ఫ్యూరిక్ వేసి పీహెచ్ 2, 3 మధ్యకు దించి, అప్పుడు మెటా (సోడియం మెటాబైసల్ఫైట్) వేయాలి. ఆరెంజ్ రంగు పోయి ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆ తర్వాత సున్నమో కాస్టిక్కో వేసి 8.5 దాకా తెస్తే బురదగా అడుగుకు చేరుతుంది. చాలామంది పీహెచ్ దించకుండానే మెటా దొర్లిస్తారు. మెటా అయిపోతుంది, క్రోమ్ అలాగే ఉంటుంది.

లెక్క ప్రకారమే కిలో క్రోమిక్ యాసిడ్‌కి దాదాపు కిలోన్నర మెటా కావాలి, వాడకంలో ఇంకా ఎక్కువే పడుతుంది. దానిపైన సున్నం, దానిపైన స్లడ్జ్. ఆ స్లడ్జ్‌ని ప్రమాదకర వ్యర్థాల కింద కట్టి, మానిఫెస్టు రాసి, లారీ బాడుగ కట్టి దాబస్‌పేటలోని వ్యర్థాల కేంద్రానికి పంపాలి. అంటే పైన తొట్టి దగ్గర కారిపోయిన కిలోకు ఓనరు మూడుసార్లు డబ్బు కడుతున్నాడు. ఈ ముక్క ఫారంలో ఎక్కడైనా పెట్టండి.

కొనుగోలు_శాఖ · మంగళవారం, మధ్యాహ్నం 2:10

మా వైపు నుంచి ఒక మాట. నేను ఆటో విడిభాగాల కంపెనీలో ప్లేటింగ్ సరఫరాదారుల్ని చూసుకుంటాను. జింకు మీద పసుపు పాసివేషన్ (తుప్పు పట్టకుండా పైన వేసే పలచని పొర) అంటే హెక్సావాలెంట్ క్రోమియం, ఎక్కువ విషం ఉన్న రకం. అది పోయి తక్కువ ప్రమాదమున్న ట్రైవాలెంట్ రకం రావడానికి మన చట్టం కంటే యూరప్ చట్టమే ఎక్కువ పనిచేసింది. అక్కడి పాత వాహనాల ఆదేశం 2000 నాటిది. తుప్పు నివారణ పూతల్లో హెక్సావాలెంట్‌కు ఇచ్చిన మినహాయింపు 2007 జులై 1తో అయిపోయింది. ఎగుమతి చేసే కంపెనీలు డ్రాయింగు మీద ఒక లైను మార్చాయి, ఇక్కడ పీన్యాలో తొట్లు మారాయి.

మీ సర్వేలో "ఎందుకు మార్చారు?" అన్న ప్రశ్న ఉందా? కస్టమర్ అడిగాడనో, నీళ్ళ ఖర్చు తట్టుకోలేకనో, నోటీసు వచ్చిందనో, ఏదో ఒకటి ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా. నీలంగా కనిపించిందని ట్రైవాలెంట్ అని రాసుకోకండి. హెక్సావాలెంట్‌లోనూ నీలం పాసివేషన్ ఉంది. రంగు చూసి చెప్పలేం, డబ్బా మీద లేబుల్ చూడాలి.

హిందూపురం_షెడ్డు · మంగళవారం, మధ్యాహ్నం 2:31

లైను మార్చారు సరే సార్, రేటు మార్చారా? ట్రైవాలెంట్ కెమికల్ ఖరీదు ఎక్కువ, కొన్నిటికి వేడి కూడా పెట్టాలి. కిలోకు పావలా పెంచమంటే మీ శాఖ వాళ్ళే ఇంకో ముగ్గురి కొటేషన్లు చూపిస్తారు.

కొనుగోలు_శాఖ · మంగళవారం, మధ్యాహ్నం 2:40

అది ఒప్పుకుంటాను. మా మీద కూడా ఏడాదికి ఇంత తగ్గించాలని లక్ష్యం పెడతారు.

అంబత్తూరు_బస్సు · మంగళవారం, సాయంత్రం 5:15

చెన్నై నుంచి. మాది జిగ్ లైను, రాగి, నికెల్, క్రోమ్. మేము మారింది నీళ్ళ వల్ల. 2019 వేసవిలో ఇక్కడ చెరువులన్నీ ఎండిపోయినప్పుడు ట్యాంకరు దొరకడమే గగనం. అప్పటిదాకా ఒక్క కడుగు తొట్టి, పైనుంచి పైపు, రోజంతా పారుతూ ఉండేది.

అప్పుడు ఎదురు ప్రవాహం పద్ధతి పెట్టాం. రెండు మూడు తొట్లు వరుసగా ఉంటాయి. కొత్త నీళ్ళు చివరి తొట్టిలోకి వస్తాయి, అక్కణ్ణుంచి పొంగి ముందు తొట్టిలోకి పోతాయి. సరుకు ఇటునుంచి అటు, నీళ్ళు అటునుంచి ఇటు.

చెల్లెమ్మా, ఈ లెక్క మీ రిపోర్టులో వేసుకోండి. ఒక లీటరు డ్రాగ్ అవుట్‌ని వెయ్యి వంతులు పలచన చేయాలంటే ఒక్క తొట్టితో 1000 లీటర్ల నీళ్ళు కావాలి. రెండు తొట్లయితే దాదాపు 32 లీటర్లు. మూడు తొట్లయితే 10. తొట్టిలో నీళ్ళు బాగా కలిస్తేనే ఈ లెక్క, నిజంలో కాస్త ఎక్కువ పడుతుంది. అయినా వెయ్యి ఎక్కడ, ముప్పై రెండెక్కడ!

ఎగ్జిబిషన్లో చూసి పెట్టలేదు, బోర్డు వాళ్ళు చెబితే పెట్టలేదు. ట్యాంకరు వాడు ఫోను ఎత్తకపోతే పెట్టాం.

హిందూపురం_షెడ్డు · మంగళవారం, సాయంత్రం 5:48

మాకూ 2024 మార్చిలో ఆ కష్టం వచ్చింది. కానీ అన్నా, మూడో తొట్టి పెట్టడానికి స్థలమేదీ? ఉన్నవాటి మధ్యలోనే అడ్డంగా నడుస్తున్నాం.

అంబత్తూరు_బస్సు · మంగళవారం, సాయంత్రం 6:02

ఉన్న తొట్టికే మధ్యలో పీపీ (ప్లాస్టిక్) షీటు వెల్డింగు చేయించి రెండు గదులు చేయండి. మేమూ అదే చేశాం. బ్యారెల్ పట్టేంత వెడల్పు ఉండాలి, అదొక్కటే.

మూడో_షిఫ్టు · మంగళవారం, రాత్రి 8:44

మా నాన్న పద్దెనిమిదేళ్ళు హార్డ్ క్రోమ్ (అరగకుండా మందంగా వేసే క్రోమియం పూత) షాపులో చేశారు. ఏ షాపో రాయను, ఇప్పుడు అది లేదు కూడా. హార్డ్ క్రోమ్‌లో కరెంటులో పెద్ద భాగం పూతకు కాదు, హైడ్రోజన్ బుడగలకే పోతుంది. ఆ బుడగలు పైకొచ్చి పగిలి క్రోమిక్ యాసిడ్‌ని పొగమంచులా లేపుతాయి. తొట్టి అంచున పీల్చే గొట్టం ఉండేది, ఫ్యాను మోటారు కాలిపోతే నెలలకొద్దీ బాగుచేయించేవాళ్ళు కాదు.

నాన్న ముక్కు రెండు రంధ్రాల మధ్య గోడకు చిల్లు పడింది. వేళ్ళ మీద క్రోమ్ పుళ్ళు. ఆయన నొప్పి అని ఎప్పుడూ అనలేదు, ఆ పుళ్ళు పెద్దగా నొప్పి పెట్టవట. ఊపిరి తీస్తే సన్నగా ఈల వచ్చేది. చిన్నప్పుడు మేము నవ్వేవాళ్ళం.

అక్కా, ఓనర్ని అడగకండి. తొట్టి దగ్గర నిలబడ్డ మనిషి చేతులు చూడండి. ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి, ఒక కాగితం ముక్క పీల్చే గొట్టం దగ్గర పెడితే తెలిసిపోతుంది. బాత్ మీద తేలే ప్లాస్టిక్ బంతులు ఉన్నాయో లేదో చూడండి. వీటికి ఫారం అక్కర్లేదు.

చిత్రావతి_ఒడ్డు · మంగళవారం, రాత్రి 9:03

కాగితం ముక్క సంగతి రాసుకున్నాను. నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?

మూడో_షిఫ్టు · మంగళవారం, రాత్రి 9:20

ఊళ్ళో ఉన్నారు. బాగానే ఉన్నారు. ఈల ఇంకా వస్తుంది.

డైఫినైల్ · మంగళవారం, రాత్రి 9:41

నేను ల్యాబులో నీటి పరీక్షలు చేస్తాను. ఈ పేరెందుకు పెట్టుకున్నానో తెలిసినవాళ్ళు నవ్వుకుంటారు. డైఫినైల్ కార్బజైడ్ అనే రసాయనం హెక్సావాలెంట్ క్రోమియంతో కలిస్తే ఊదా గులాబీ రంగు వస్తుంది. ప్లేటింగ్ షాపు బయటికి వదిలే నీటిలో హెక్సావాలెంట్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు, మొత్తం క్రోమియం 2 దాటకూడదు. 0.1 అంటే కంటికి నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. "మా నీళ్ళు తెల్లగానే ఉన్నాయి మేడమ్" అనే మాటను జవాబుగా రాసుకోవద్దు.

ఇంకో సంగతి, ఇది నా చిరాకు. మా దగ్గరకు శాంపిళ్ళు క్యానుల్లో వస్తాయి. ఎక్కడ పట్టారో ఎవరూ రాయరు. కొన్ని చూస్తే కార్పొరేషన్ కుళాయి నీళ్ళలా ఉంటాయి. బహుశా అవే. మీరు పట్టేటప్పుడు పక్కన నిలబడి పట్టండి.

పాత_కెమిస్ట్ · మంగళవారం, రాత్రి 10:15

ఆలస్యమైంది, మనవడికి లెక్కల పరీక్ష.

కిటుకు ఇది. చిత్రావతి గారూ, నికెల్ షాపుకు వెళ్ళినప్పుడు కాలుష్యం అనే మాటే ఎత్తకండి. "పోయిన ఏడాది బోరిక్ యాసిడ్ ఎన్ని సంచులు కొన్నారు?" అని అడగండి. అంతే.

ఎందుకంటే నికెల్ బాత్‌లో మూడు ముఖ్యమైనవి ఉంటాయి: నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ యాసిడ్. సరుకు మీద పూతగా పడే నికెల్, బాత్‌లో వేలాడే ఆనోడ్ (నికెల్ లోహం) నుంచి కరిగి వస్తుంది. బోరిక్ యాసిడ్ పీహెచ్‌ని నిలబెట్టడానికి ఉంటుంది, పూతలోకి పోదు. అది ఆవిరై పోయేదీ పెద్దగా ఉండదు. మరి ప్రతి నెలా ఎందుకు కొంటున్నారు? కారిపోతోంది కాబట్టి.

బాత్‌లో లీటరుకు 40 గ్రాములు ఉందనుకోండి. 25 కిలోల సంచి ఒకటి ఖర్చయిందంటే 625 లీటర్ల బాత్ తొట్టి దాటి బయటికి పోయింది. లీటరుకు 70 గ్రాముల నికెల్ లోహం ఉంటే, ఆ 625 లీటర్లతోపాటు దాదాపు 44 కిలోల నికెల్ పోయింది. ఫిల్టరు మార్చినప్పుడు, కార్బన్ ట్రీట్‌మెంట్ (బొగ్గుపొడితో బాత్ శుభ్రం చేయడం) చేసినప్పుడు పోయేది కొంత తీసేయండి. అయినా అంచనా పెద్దగా తప్పు కాదు.

ఈ ప్రశ్నకు ఎవరూ అబద్ధం చెప్పరు, ఎందుకు అడుగుతున్నారో తెలియదు కాబట్టి. పైగా బిల్లులు ఆడిటరు దగ్గర ఉంటాయి.

క్రోమ్‌కు ఇది పనిచేయదు. అక్కడ ఆనోడ్ సీసం, అది కరగదు, పూతకు కావలసిన క్రోమియం కూడా క్రోమిక్ యాసిడ్ నుంచే రావాలి. కానీ అలంకారపు క్రోమ్‌లో పూత ఎంత మందం? పావు మైక్రాన్. చదరపు మీటరుకు రెండు గ్రాముల లోపు క్రోమియం, అంటే మూడున్నర గ్రాముల క్రోమిక్ యాసిడ్. అదే చదరపు మీటరుకు 100 మిల్లీలీటర్ల ద్రావణం అంటుకుని వస్తే, లీటరుకు 250 గ్రాముల బాత్ నుంచి 25 గ్రాములు పోతుంది. సరుకు మీద పడేదానికి ఏడింతలు కడుగు నీళ్ళలో. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు అన్నం సయించలేదు.

హిందూపురం_షెడ్డు · మంగళవారం, రాత్రి 10:52

సార్, మీరు మా కడుపు మీద కొట్టారు.

ఇప్పుడే అకౌంటెంటుకు ఫోను చేసి నిద్ర లేపి అడిగాను. పోయిన ఏడాది 14 సంచులట. 14 ఇంటూ 625, 8750 లీటర్లు. నా నికెల్ తొట్టి 2500 లీటర్లు. అంటే ఏడాదిలో మూడున్నర తొట్ల బాత్ నేనే కడుగు నీళ్ళలో పోశానా?

నేను ఇన్నాళ్ళూ నికెల్ రేటు పెరిగిందని ఏడుస్తున్నాను.

పాత_కెమిస్ట్ · మంగళవారం, రాత్రి 10:58

రోజుకు ఎన్ని బ్యారెళ్ళు?

హిందూపురం_షెడ్డు · మంగళవారం, రాత్రి 11:01

ముప్పై దాకా.

పాత_కెమిస్ట్ · మంగళవారం, రాత్రి 11:06

అయితే బ్యారెల్‌కి లీటరు. బ్యారెల్ అన్నాక అంత ఉంటుంది, చిల్లుల్లోనూ బోల్టుల సందుల్లోనూ నిలుస్తుంది. మీరు అందరికంటే ఎక్కువేం పోయలేదు, కంగారు పడకండి. రేపు ఒక పని చేయండి. ఖాళీ తొట్టిలో 200 లీటర్ల శుభ్రమైన నీళ్ళు పోసి, పది బ్యారెళ్ళు ముందు అందులో ముంచి, ఆ తర్వాత మామూలు కడుగులోకి పంపండి. సాయంత్రం ఆ నీటిలో నికెల్ ఎంతో టైట్రేషన్ చేయించండి. మర్నాడు మళ్ళీ కొత్త నీళ్ళతో ఇంకో పది, ఈసారి బ్యారెల్‌ని బాత్ మీదే ఇరవై సెకన్లు తిప్పుతూ ఆపి.

వడపోత · బుధవారం, ఉదయం 7:30

కొత్త సభ్యుణ్ణి. చిన్న అభ్యంతరం. ఆ తొట్టిలోంచి కూడా బ్యారెల్ కొంత నీళ్ళు బయటికి తీసుకుపోతుంది కదా, లెక్క తక్కువ రాదా?

పాత_కెమిస్ట్ · బుధవారం, ఉదయం 7:55

వస్తుంది. 200 లీటర్లలో పది బ్యారెళ్ళకు ఆ తేడా రెండు మూడు శాతం. ఓనర్ని ఒప్పించడానికి అది చాలు. థీసిస్‌లో అయితే సవరణ వేయమనండి.

హిందూపురం_షెడ్డు · శుక్రవారం, రాత్రి 8:20

చేశాను. మొదటి రోజు లీటరుకు 3.5 గ్రాములు. అంటే పది బ్యారెళ్ళకు 700 గ్రాముల నికెల్, సరిగ్గా పది లీటర్ల బాత్. రెండో రోజు ఇరవై సెకన్లు తిప్పి ఆపితే 2.1 వచ్చింది. 420 గ్రాములు. పది బ్యారెళ్ళకు 280 గ్రాముల తేడా, నికెల్ సల్ఫేటు లెక్కలో కిలోంపావు. ఒక్క పైసా ఖర్చు లేకుండా.

ఇరవై సెకన్లంటే ముప్పై బ్యారెళ్ళకు రోజుకు పది నిమిషాలు. లైను మీద ఉన్న ఒడిశా కుర్రాడు లెక్క విని "సేఠ్, ఈ పది నిమిషాలు ఎవరివి?" అన్నాడు. న్యాయమే. రోజుకు ఒక బ్యారెల్ కూలి ఎక్కువ వేస్తానన్నాను. వాడు రెండన్నాడు. ఇంకా తేలలేదు.

ఉత్సాహం పట్టలేక ఆ 200 లీటర్లు తీసి బాత్‌లో పోద్దామనుకుంటున్నాను. నికెల్ బాత్ 55 డిగ్రీల్లో ఉంటుంది, రోజూ రెండు మూడు బిందెల నీళ్ళు ఆవిరవుతాయి, ఎలాగూ నింపాలి కదా?

పాత_కెమిస్ట్ · శుక్రవారం, రాత్రి 8:34

ఆగండి! ఏ నీళ్ళు వాడారు? బోరువా?

హిందూపురం_షెడ్డు · శుక్రవారం, రాత్రి 8:36

బోరే సార్.

పాత_కెమిస్ట్ · శుక్రవారం, రాత్రి 8:49

పోయకండి. మీ వైపు బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. బాత్‌లో సల్ఫేట్ నిండా ఉంది, వేడిగా ఉంది. ఆవిరై పోయేది నీరే, సున్నం మిగిలిపోతుంది. నాలుగు నెలల్లో కాల్షియం సల్ఫేట్ పలుకులు వచ్చి పూత గరుకుగా పడుతుంది, కస్టమర్ సరుకు వెనక్కి పంపుతాడు. అప్పుడు మీరే "ఈ పర్యావరణం గోల వద్దు" అంటారు. నేను చూసిన చాలా షాపుల్లో నిలవ తొట్టి ఇలాగే మూలకు చేరింది. ఆర్ఓ నీళ్ళు పోయండి, డీమినరలైజ్డ్ (లవణాలు తీసేసినవి) అయితే ఇంకా మంచిది.

ఇంకోటి. ఇన్నాళ్ళూ కారిపోయినదాంతో పాటు ఇనుము, జింకు, బ్రైట్నర్ (మెరుపు కోసం వేసే రసాయనం) విరిగిన చెత్త కూడా బయటికి పోయేది. ఇక వెనక్కి పోస్తే అవి కూడా తిరిగొస్తాయి. కార్బన్ ట్రీట్‌మెంట్ ఇప్పటికంటే త్వరగా చేయాలి, హల్ సెల్ (బాత్ సరిగా ఉందో లేదో చూసే చిన్న పరీక్ష) వారం వారం చూడాలి. చిత్రావతి గారూ, నిలవ తొట్టి పెట్టి మానేసినవాళ్ళు కనబడితే "ఎందుకు మానేశారు?" అని తప్పకుండా అడగండి. ఆ జవాబులే మీ రిపోర్టుకు ప్రాణం.

ఫిల్టర్‌ప్రెస్ · శుక్రవారం, రాత్రి 9:10

అన్నా, ఆ 200 లీటర్లు కాలువలో పోయకు. క్యానుల్లో ఉంచు. కొంచెం కొంచెంగా మా ప్లాంటు లాంటి చోట శుద్ధికి కలుపుకోవచ్చు.

చిత్రావతి_ఒడ్డు · ఆదివారం, సాయంత్రం 4:30

ఫారం మార్చాను. 42 ప్రశ్నలు 11 అయ్యాయి. మొదటి పేజీలో కాలుష్యం అనే మాట లేదు. రోజుకు ఎన్ని బ్యారెళ్ళు, తొట్టి ఎన్ని లీటర్లు, బోరిక్ ఎన్ని సంచులు, నీళ్ళు ట్యాంకరా బోరా, చివరిసారి లైనులో ఏం మార్చారు, ఎందుకు మార్చారు, పెట్టి తీసేసింది ఏమిటి. రెండో పేజీ నాకోసం: కాగితం ముక్క, నేల, చేతులు, డబ్బాల లేబుళ్ళు, కాలువలు ఎన్ని.

నిన్న మూడు షాపులకు వెళ్ళాను. ఒకచోట ఓనరు గారు బోరిక్ సంచుల ప్రశ్న చూసి, "ఇదెందుకమ్మా, క్యారమ్ బోర్డు మీద చల్లుకుంటావా?" అన్నారు. తర్వాత బిల్లుల ఫైలు ముందు పెట్టి టీ తెప్పించారు. పోయిన వారం ఫారం నింపినప్పుడు ఆయనే నన్ను గేటు దగ్గరే నిలబెట్టారు.

పొటాషియం క్లోరైడ్ జింకు బాత్‌కు కూడా ఇదే లెక్క వర్తిస్తుందా సార్? అందులోనూ బోరిక్ ఉందన్నారు.

పాత_కెమిస్ట్ · ఆదివారం, సాయంత్రం 5:05

వర్తిస్తుంది. అక్కడ పొటాషియం క్లోరైడ్ సంచులు కూడా అడగండి, అదీ పూతలోకి పోదు. రెండు లెక్కలూ దగ్గరగా వస్తే ఆ షాపు బిల్లులు నమ్మవచ్చు. కానీ చల్లని జింకు బాత్ పెద్దగా ఆవిరి కాదు, కాబట్టి కడిగిన నీళ్ళు వెనక్కి పోయడానికి చోటుండదు. అక్కడ కారనివ్వడం, ఎదురు ప్రవాహం, అంతే.

హిందూపురం_షెడ్డు · ఆదివారం, రాత్రి 9:15

అమ్మా, నా పాత ఫారం చించెయ్యి. బుధవారం పొద్దున ఏడింటికి రా, జాలహళ్ళి క్రాస్ దగ్గరకు బండి పంపిస్తాను. పీపీ వెల్డింగు వాడు వస్తున్నాడు, కడుగు తొట్టి రెండు గదులు చేస్తున్నాం. కుర్రాడికి ఒకటిన్నర బ్యారెల్ దగ్గర తెగింది.

చెప్పులు వద్దు, బూట్లు వేసుకుని రా. ఆ ఆకుపచ్చ మడుగు మాదే.